కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు

అమలాపురంలో మా పీజీ కేంద్రానికి లైబ్రేరియన్‌గా వెళ్ళిన కొత్తలో, తొంభైల్లో, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలన్నీ ఒక ఇనప బీరువాలో ఉండేవి. నల్ల రెక్సిన్ అట్టలు, వాటి మీద బంగారు రంగు అక్షరాలు. ఆ బీరువా తీయమని అడిగినవాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి ఒళ్ళు హూనం చేసుకుని రాసినవాళ్ళు కూడా పట్టా చేతికొచ్చాక ఇటు తొంగి చూసేవారు కాదు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరూ చదవని పుస్తకానికి ఇంత మంచి బైండింగెందుకని గొణుక్కుంటూ దుమ్ము దులిపేదాన్ని. ఎవరూ చదవకపోవడం కూడా కొందరికి రక్షణేనని అప్పట్లో నాకు తట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి యూనివర్సిటీ నుంచి ఉత్తర్వు వచ్చింది. బీరువాలో ఉన్నవన్నీ పేజీ పేజీ స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కించాలి, ఆ తర్వాత యూనివర్సిటీ వాటిని ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఒక స్కానర్, ఒక కంప్యూటర్ పంపించారు గానీ పనిచేసే మనిషిని మాత్రం పంపలేదు. ఆ మనిషిని నేనే అయ్యాను. మా దగ్గర కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకం సగంలో ఉండగా పోయేది, వచ్చాక మళ్ళీ మొదటికొచ్చేది. గాలిలో తేమకి కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయేవి. తిట్టుకుంటూనే చేశాను. చేస్తున్నకొద్దీ సరదా పుట్టింది కూడా.

ఆ సరదా ఏమిటంటే వెతుకులాట. ఇంగ్లీషులో రాసిన గ్రంథాల్లో అక్షరాలని కంప్యూటర్ గుర్తుపట్టేది. ఏదైనా మాట కొడితే అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో క్షణంలో తెచ్చి చూపించేది. మా కోనసీమవాళ్ళకి సొంతూరి మీద ఉండే మమకారం అంతా ఇంతా కాదు. లైబ్రరీకి ఎవరొచ్చినా నేను, "మీ ఊరి పేరు చెప్పండి," అనేదాన్ని. ముమ్మిడివరం అంటే రొయ్యల చెరువుల మీద రాసిన పేజీలు వచ్చేవి. మలికిపురం అంటే కొబ్బరి వ్యాపారం మీద వచ్చేవి. "మా ఊరుందండోయ్!" అని పెద్దమనుషులు కూడా చంటిపిల్లల్లా అరిచేవారు. బీరువా ముఖం చూడనివాళ్ళు ఆ కంప్యూటర్ ముందు వరస కట్టారు. నేను మహా గర్వపడిపోయాను.

ఆవిడ వచ్చింది అలాంటి రోజుల్లోనే, ముసురు పట్టి బళ్ళకి సెలవిచ్చిన ఒక ఉదయం. నలభై దాటిన మనిషి. తడిసిన గొడుగు గుమ్మం బయటే పెట్టి, చెప్పులు విప్పి, కాళ్ళు గోనెపట్టాకి తుడుచుకుని లోపలికి వచ్చింది. లైబ్రరీలోకి చెప్పులు విప్పి వచ్చిన మనిషిని నేను అదే చూడటం.

"మేడంగారండీ, కంప్యూటర్లో నా పేరుందంటండి. తీసెయ్యాలండి," అంది.

ఆవిడది ఓడలరేవు దారిలో ఒక ఊరు. అక్కడి బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. బియ్యం, పప్పు ఉన్న గది తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. వాళ్ళ వీధి పిల్ల ఒకతె మా దగ్గర ఎమ్మే చదువుతోంది. ఆ పిల్ల అందరిలాగే సరదాకి ఊరి పేరు కొట్టింది. కొట్టి, చదివి, తిన్నగా బడికి వెళ్ళింది.

"వంటపాకలోకి వచ్చి, 'అత్తా, నువ్వు గల్ఫ్‌లో జైల్లో ఉన్నావా?' అని అడిగేసిందండి. పక్కన ఇద్దరాడాళ్ళున్నారు. గరిటెల చప్పుడులో వాళ్ళకి వినబళ్ళేదు. నా అదృష్టం బాగుందండి ఆ పూట," అంది.

"ఉన్నారా మరి?" అని నేనూ అడిగేశాను. నా నోరు అలాంటిది.

"ఆయ్. ఉన్నానండి. దొంగతనం కేసులో."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా ముఖంలోకే చూసింది. నా కళ్ళే పక్కకి తిరిగాయి.

గల్ఫ్‌లో ఒకరింట్లో పనిచేస్తుండగా ఇంటావిడ బంగారు గొలుసు కనబడలేదు. ఈవిణ్ణి పోలీసులకి అప్పజెప్పారు. కొన్ని నెలలు లోపలుంది. ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ తెలియదు. జీతం సరిగ్గా ఇవ్వలేదనీ, అందుకే ఆ నెలల్లో డబ్బు పంపలేకపోయిందనీ అనుకున్నారు. ఒక్క మనిషికి మాత్రం చెప్పుకుంది. గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తూ వాళ్ళింట్లో బస చేసిన అమ్మాయికి.

"దొంగతనానికి జైలుకెళ్ళిన మనిషి చేతిలో పిల్లల బియ్యం ఎవరు పెడతారండి? నాలుగు మెతుకులు తగ్గినా నా వంకే చూస్తారు కదండీ," అంది.

నాకు జాలి కలిగింది. కానీ ఉద్యోగం నాలుక చివరే ఉంటుంది కదా. పట్టా ఇచ్చేసిన గ్రంథంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదనీ, అది రూలనీ చెప్పాను. పైగా పరిశోధనల్లో అసలు పేర్లు రాయరనీ, ఆ పిల్ల ఏదో ఊహించుకుని ఉంటుందనీ అన్నాను.

"కథ నాది కదండీ?"

"చెప్పింది మీరే. రాసింది ఆవిడ."

"మరి పోయే పరువెవరిదండీ?"

విసుక్కుంటూనే కంప్యూటర్ దగ్గర కూర్చుని వాళ్ళ ఊరి పేరు కొట్టాను. అధ్యాయాల్లో నిజంగానే పేర్లు లేవు, అందరికీ నంబర్లే. "చూశారా?" అనబోయాను. ఈలోగా తెర మీద పుస్తకం మొదట్లోని పేజీ ఒకటి వచ్చింది. కృతజ్ఞతలు. "కన్నకూతురిలా తనింట్లో ఉంచుకుని, పూటపూటా చేపల పులుసుతో అన్నం పెట్టిన" అంటూ, ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా, చివర గారు తగిలించి, ఊరి పేరుతో రాసి ఉంది. లోపల జైలు సంగతి ఉన్నచోట ఒక వాక్యం, "పరిశోధకురాలు బస చేసిన ఇంటి యజమానురాలి అనుభవం ఇది," అని.

ఇంకెక్కడివాళ్ళైనా 'సమాచారం ఇచ్చిన మహిళలందరికీ ధన్యవాదాలు' అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. మనవాళ్ళకి అలా చేతకాదు. అన్నం పెట్టిన మనిషిని పేరుపెట్టి తలుచుకోకపోతే తప్పు. ఆ అమ్మాయి లోపల అంత జాగ్రత్తగా నంబర్లు వేసి, మర్యాద కోసం మొదటి పేజీలోనే గుట్టంతా విప్పేసింది. బీరువాలో ఉన్నన్నాళ్ళూ ఆ రెండు పేజీలనీ కలిపి చూసినవాడు లేడు. ఇప్పుడు ఆ రెంటినీ నేనే పక్కపక్కన తెచ్చి పెట్టాను, అదీ ఊరి పేరు చెప్పండని పిలిచి మరీ.

మర్నాడు మధ్యాహ్నం యూనివర్సిటీ మనిషి వచ్చి మొత్తం ఉన్న హార్డ్ డిస్కు పట్టుకెళ్తాడు. అది ఇంటర్నెట్‌లోకి ఎక్కిందంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదు. రూళ్ళ కాగితం తీసి మళ్ళీ చదివాను. రాసినవాళ్ళు రాతపూర్వకంగా అడిగితే గ్రంథాన్ని ఎవరికీ కనబడకుండా నిలుపుదల చెయ్యొచ్చని ఒక చిన్న వాక్యం ఉంది. ఆవిణ్ణి పేపర్లు చదివే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫోన్ల మీద పడ్డాను. పరిశోధకురాలి పుట్టింటివాళ్ళు సెల్ నంబరిచ్చారు. ఆ అమ్మాయి ఎక్కడో వేరే రాష్ట్రంలో కాలేజీలో పాఠాలు చెబుతోంది.

"పేర్లు లేవు కదండీ మేడం, చాలా జాగ్రత్త తీసుకున్నానండి," అంది ముందు.

నేను కృతజ్ఞతల పేజీ చదివి వినిపించాను. ఆ తర్వాత లోపలి వాక్యం చదివాను. "అయ్యో," అంది, "అయ్యో, నేనేం చేసేనండి!" మంచిపిల్లే. గంట తిరక్కుండా నిలుపుదల కోరుతూ సంతకం పెట్టి ఫాక్స్ పంపింది. డైరెక్టరు గారు దాని మీద సంతకం చేశారు. చదవకుండానే చేశారని నా అనుమానం. గ్రంథాన్ని కంప్యూటర్లో దాచేసి, "అయిపోయిందమ్మా, ఇంక వెళ్ళిరండి," అందామని ఆవిడ వైపు తిరిగాను.

ఆవిడ బల్ల దగ్గర లేదు. పుస్తకాల అలమర వెనక, గోడకి ఆనుకుని, కొంగు తలమీదుగా లాక్కుని నిలబడి ఉంది. గుమ్మంలోంచి వాళ్ళ బడి హెడ్మాస్టరు గారు వస్తున్నారు.

ఆయన మా దగ్గరే పార్ట్‌టైముగా పరిశోధన చేస్తున్నారని నాకు తెలుసు. ఆయనది ఆవిడ బడేనని మాత్రం ఆవిడ ముఖం చూశాకే అర్థమైంది. నెమ్మదస్తుడు, మాట్లాడితే అండీ లేకుండా మాట్లాడడు.

"మేడంగారూ, మా ఊరి మీద ఏదో పుస్తకం ఉందని మీ దగ్గర ఎమ్మే చదివే మా ఊరి పిల్ల ఒకత్తి చెప్పిందండి. నేనూ మా ఊరి గురించే రాస్తున్నాను కదండీ, చూడకపోతే ఎలాగండి?" అంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

నిలుపుదల చేశానుగా, ఏమీ రాదన్న ధీమాతో నేను పక్కన నిలబడ్డాను. ఆయన ఊరి పేరు కొట్టారు. గ్రంథం లోపలి పేజీలు రాలేదు. దాని పేరు మాత్రం వచ్చింది, కింద ఎర్ర అక్షరాల్లో, 'రచయిత్రి కోరికపై నిలుపుదల చేయడమైనది' అని. ఆ ఏర్పాటు అలా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

"ఇదేవిటండీ! నిన్నటిదాకా ఉందంట కదండీ. అంత దాచిపెట్టవలసింది ఏవుందండి మా ఊళ్ళో?" అన్నారు ఆయన, కళ్ళజోడు సర్దుకుంటూ.

"రాసినావిడ అడిగేరండి."

"పోనీలెండి, అట్ట పుస్తకం ఉంటుంది కదండీ. అది ఇప్పించండి, ఇక్కడే కూర్చుని చూసుకుంటాను."

అట్ట పుస్తకం ఎవరడిగినా ఇవ్వాలి. అదీ రూలే. నిలుపుదల కంప్యూటర్‌కే గానీ బీరువాకి కాదు. బీరువా తాళం డైరెక్టరు గారి దగ్గరుండిపోయిందని చెప్పాను. అది నా సొరుగులోనే ఉంది.

"అయితే రేపు పొద్దున్నే వస్తానండి. బడికెళ్ళేలోగా చూసేసుకుంటాను," అని ఆయన లేచారు. నన్ను నమ్మలేదని ఆయన నడకలోనే తెలిసింది. అలికిడి అంతా పోయేదాకా ఆవిడ అలమర వెనక నుంచి కదల్లేదు.

బయటికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "దాచితే ఇంకా ఎక్కువ వెతుకుతారండి," అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది. అది నాకు ఇంకా బాధగా తగిలింది. రేపటికి ఆ పుస్తకం చెదలు పట్టిందని చెబుదామా, బైండింగుకి పంపామని చెబుదామా అని నేను పైకే ఆలోచిస్తున్నాను. ఆవిడ వినడం లేదు.

"మేడంగారూ, అందులో ఏం రాసేరో చదవండి. నాకు ఇంగ్లీషు రాదు కదండీ. రేపు మాస్టారు చదివేదేదో ముందు నేను వినాలండి."

సొరుగులోంచి తాళం తీసి, బీరువా తెరిచి, ఆ నల్ల పుస్తకం తెచ్చాను. అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ చదివాను. ఇంటి పని, నిద్ర లేకపోవడం, గొలుసు పోవడం, అరెస్టు, జైల్లో ఒక గదిలో ఎంతమందిని పెట్టారో, నీళ్ళకి ఎలా కొట్టుకున్నారో. ఆవిడ తలూపుతూ వింది. "ఆయ్, అంతేనండి," అంది ఒకచోట. దొంగతనం నేరంపై శిక్ష అనుభవించి స్వదేశానికి తిరిగి వచ్చారన్న వాక్యంతో పేరా అయిపోయింది.

"తరవాతండి?"

"తరవాత ఇంకొకావిడ సంగతమ్మా."

"గొలుసు దొరికిందని లేదాండి?"

పేజీ తిప్పాను, వెనక్కి తిప్పాను. లేదు.

"సోఫా సందులో దొరికిందండి. ఇంటావిడ వాళ్ళమ్మగారు, ముసలావిడ, జైలు గుమ్మం దగ్గరకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని వాళ్ళ భాషలో ఏడ్చేరండి. కేసు లేదని కాయితం రాసిచ్చి పంపేరండి నన్ను. శిక్షా గిక్షా ఎక్కడిదండి? ఇదంతా చెప్పేను కదండీ ఆ పిల్లకి! మా వంటింట్లో కూర్చుని రాసుకుందండి!"

ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. చదువుకుంటున్న పిల్లలు తలలెత్తి చూశారు. మామూలుగా అయితే నేను ష్ అనేదాన్ని. ఆ పూట నాకు ఆవిడకంటే ఎక్కువ కోపం వచ్చింది. మళ్ళీ ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా అడిగాను.

"మొదట రాసేనండి," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "ఆ అధ్యాయం కష్టాల గురించి కదా, చివర ఇలా సుఖంగా ముగిస్తే కథలా ఉంటుందని గైడుగారు కొట్టేసేరండి. తగ్గించి రాసేటప్పుడు ఆ వాక్యం అలా..."

ఆవిడ చెయ్యి చాపింది. రిసీవరిచ్చాను.

"బాగున్నావా అమ్మా? అన్నం తిన్నావా?" అని అడిగింది ముందు. ఆ మాటకి నా కోపం ఎటుపోయిందో తెలియదు. అవతల ఆ అమ్మాయి ఏడుస్తున్నట్టుంది. పుస్తకం పూర్తిగా వెనక్కి తీసుకుంటాననీ, బీరువాలోంచి కూడా తీయించేస్తాననీ అంటోందని ఈవిడ జవాబులని బట్టి అర్థమైంది.

"వద్దమ్మా. తీసేస్తే మాస్టారు అడుగుతారు. ఆయనకి ఎవరో ఒకరు నోటితో చెబుతారు, దొంగతనం కేసని చెబుతారు, అంతే. తీసెయ్యొద్దు. మిగిలింది రాయి."

గ్రంథాన్ని మార్చకూడదు గానీ, రాసినవాళ్ళు సవరణ కాగితం ఒకటి జతచెయ్యొచ్చు. పాత పుస్తకాల్లో అచ్చు తప్పులకి అలా కాగితాలు అంటించడం నాకు తెలిసిన పనే. అలాంటి కాగితం ఒక మనిషి గురించి రాయడం మాత్రం అదే మొదలు. ఆవిడ తెలుగులో చెబుతుంటే, ఫోన్లో ఆ అమ్మాయి ఇంగ్లీషు చేస్తుంటే, నేను టైపు చేశాను. గొలుసు దొరికిన చోటు, ముసలావిడ రావడం, కేసు లేదన్న కాయితం. శిక్ష అన్న మాట తప్పని, అది పరిశోధకురాలి పొరపాటని కూడా. మధ్యలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం, ఆ అమ్మాయి కూడా ఫోన్ పెట్టలేదు.

చివరికి వచ్చాక నేను ఆగాను. "ఇక్కడ మీ నంబరు వేస్తానమ్మా, పేరొద్దు. కృతజ్ఞతల పేజీ ఒక్కదాన్నీ కంప్యూటర్లో నిలుపుదల చేస్తాను. దానికి ఈ అమ్మాయి ఒప్పుకుంటుంది," అన్నాను. పొద్దున్న ఆవిడ వచ్చిందే దానికి.

ఆవిడ తెర దగ్గరకి వంగింది. తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉంటుందో చూపించమంది. చూపించాను.

"ఉంచండి. పేరు లేకుండా రాస్తే, దొంగని కానన్నది ఎవరి గురించో ఎవరికి తెలుస్తుందండీ?"

ఆ అమ్మాయి సంతకం ఫాక్స్‌లో వచ్చింది. నిలుపుదల ఎత్తేశాను. సవరణని కంప్యూటర్లో ఆ పేజీకి ముందే పెట్టాను, అట్ట పుస్తకంలో ఆ పేరా ఎదురుగా అంటించాను. అంత చేసినా నా గుండె కుదుటపడలేదు. జైలు అన్న మాట చదివాక మనుషులు ముందుకి చదువుతారా? నేనైతే చదువుతానా? ఈ మాట ఆవిడతో అనలేదు.

మర్నాడు నేను తలుపు తీసేసరికి ఇద్దరూ వరండాలో ఉన్నారు. ఆయన స్తంభానికి ఆ పక్క, ఈవిడ ఈ పక్క. నువ్వెందుకొచ్చావని ఆయన అడిగితే, "పుస్తకం చదివేక చెబుతానండి," అందట.

పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన మొదటి నుంచీ మొదలుపెట్టారు. కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు దగ్గర వేలుపెట్టి, నవ్వి, ఆవిడ వంక చూశారు. ఆవిడ నవ్వలేదు. ఆయన పేజీలు తిప్పుతుంటే నేను కార్డులు సర్దుతున్నట్టు నటిస్తూ ఒక్క కార్డూ సర్దలేదు. ఆ పేరా దగ్గర ఆయన ముఖంలో నవ్వు పోయింది. తల ఎత్తకుండా, పుస్తకం మూయబోయారు.

"మాస్టారూ," అంది ఆవిడ, కూర్చున్నచోటు నుంచి లేవకుండా. "అంటించిన కాయితం కూడా చదవండి."

చదివారు. రెండోసారి కూడా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. ఏదో అడుగుతారనీ, ఓదారుస్తారనీ, లేకపోతే మర్యాదగా రేపటి నుంచి రావొద్దంటారనీ నేను ఎదురుచూస్తున్నాను. ఆయన గోడ గడియారం వంక చూశారు.

"పొద్దెక్కిపోతోందమ్మా. పిల్లల అన్నానికి ఆలస్యమైపోతుంది, నా బండెక్కు," అన్నారు.